బొట్టు కింద కెమెరా

నేను మిర్యాలగూడలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. దయ్యాల పుస్తకాలు మా దగ్గర ఒక బీరువా కింది అరలో ఉంటాయి. అందరికంటే ఎక్కువ నలిగేవి అవే. ముప్పై ఏళ్ళుగా వాటికి అట్టలు వేస్తున్నది నేనే. అట్ట వేసే ముందు చదవడం నా అలవాటు కాబట్టి అన్నీ చదివాను. ఒక్కటీ నమ్మలేదు. వయసులో ఉన్నప్పుడు చీకట్లో శ్మశానం పక్క నుంచి సైకిల్ తొక్కుకుంటూ ఇంటికి వచ్చేవాణ్ణి. కుక్కలకు భయపడ్డాను గాని ఇంకో దేనికీ భయపడలేదు.

ఇప్పుడు రాయబోయేది కూడా భయం సంగతి కాదు. పట్టపగలు, పదకొండు గంటల వేళ జరిగింది. చాలా నెలల తరువాత నేను గట్టిగా నవ్విన రోజు అది. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఎక్కడ నాకు సరిగ్గా గుర్తులేదో అక్కడ గుర్తులేదనే రాస్తాను.

మాది నేరేడుచర్ల దాటాక రెండు కిలోమీటర్ల దూరంలో ఒక పల్లె. నిరుడు శ్రావణంలో నా భార్య సుగుణ గుండెపోటుతో పోయింది. దాని గురించి ఇంతకంటే రాయను. మాకు ఒక్కతే కూతురు, మాధవి. సూర్యాపేటలో కాపురం, అక్కడే హైస్కూలు టీచరు. సుగుణ పోయాక ఇంట్లో మిగిలింది నేనూ ఒక బర్రే.

ఆ బర్రె సుగుణది. కోదాడ దగ్గర చిలుకూరు ఆమె పుట్టినూరు. అక్కడి నుంచి చిన్న దుడ్డెగా తెచ్చి పెంచింది. దానికి పెట్టిన పేరు పెద్దమ్మాయి. మాధవి ఆమె లెక్కలో చిన్నమ్మాయి. ముందు పుట్టింది నేనైతే నేను చిన్నమ్మాయిని ఎట్లయిత అని మాధవి చాలాసార్లు పోట్లాడింది. "నువ్వు ఒక్కరోజన్నా పాలిచ్చావా?" అనేది సుగుణ. ఆమె మాటలో కోదాడ వైపు యాస ఉండేది. నేను మాత్రం ఆ పేరుతో ఎన్నడూ పిలవలేదు. పశువుకు మనిషి వరస ఏమిటని నా పట్టింపు. 'బర్రె' అనేవాణ్ణి. నేను అట్లా అన్నప్పుడల్లా అది మొహం పక్కకు తిప్పుకుంటుందని సుగుణ చెప్పేది.

సుగుణ పోకముందు ఒక ఈతలో దాని దూడ అడ్డం తిరిగి చనిపోయింది. ఆ రోజు సుగుణ చిలుకూరులో పెళ్ళికి వెళ్ళింది. తిరిగి వచ్చి కొట్టంలో చాలాసేపు కూర్చుంది. నిరుడు వైశాఖంలో బర్రె మళ్ళీ చూడి కట్టింది. "ఈసారి నేను దగ్గరుంటాను, ఎట్టా పోతదో చూస్తాను" అంది. మూడు నెలలకు తనే లేదు.

బర్రెను అమ్మెయ్యమని అందరూ చెప్పారు. ఒంటరి మగవాడికి పశువు ఎందుకన్నారు. నిజమే. కాని ఈ ఈత సుగుణ చూడాలనుకున్నది. అది దక్కకపోతే ఆమె మొదలుపెట్టిన పని ఇంట్లో ఇంకేదీ మిగలదు. ఈనేదాకా ఉంచుతానన్నాను.

సుగుణ పోయిన మూడో నెలలో మా వీధిలో రెండిళ్ళ తాళాలు పగలే పగిలాయి. మాధవి ఆదివారం వచ్చి బీరువాలోంచి వాళ్ళమ్మ పాత ఫోను తీసింది. "కొత్త కెమెరాలు ఎందుకు నాన్నా, అమ్మ ఫోన్ ఉన్నది గదా. అదే కాపలా ఉంటది" అంది. అందులోని ఫోటోలు తన దాంట్లోకి తీసుకుంది. సిమ్ము తీసి నాకిచ్చింది. ఫోనును మొత్తం తుడిచేసి వైఫైకి కలిపింది. ఒక కెమెరా యాప్ దాంట్లోనూ మా ఇద్దరి ఫోన్లలోనూ వేసింది. దాని ముందు ఏది కదిలినా చిన్న వీడియో తీసి మా ఇద్దరికీ కబురు పంపుతుంది. మనం ఇక్కడ మాట్లాడితే అక్కడ వినబడుతుంది. ఛార్జింగు ఎప్పుడూ పెట్టే ఉంటుంది గనుక వేడెక్కుతుందని వెనక కవరు తీసేసింది.

ఫోనును వసారా చివరి స్తంభానికి, రేకుల నీడలో, కట్టుతీగతో కట్టాం. వీపు గేటు వైపు. తెర ఉన్న ముఖం పక్కనున్న కొట్టం వైపు. వెనక కెమెరాలోంచి గేటు కనబడుతుంది. ముందు కెమెరాతో మాకు పనిలేదు. పైగా దాని మీద సుగుణ బొట్టుబిళ్ళ ఉంది.

ఆ ఫోను కోదాడలో కొన్నాం. కొన్న రోజే దుకాణంలో ఆమె మొహం తెరమీద కనబడింది. ఇంటికి రాగానే నుదుటి మీది మెరూను బొట్టుబిళ్ళ తీసి ముందు కెమెరా మీద అంటించింది. తను దాన్ని చూడాలి గాని అది తనను చూడటమేమిటని ఆమె వాదన. ఊడినప్పుడల్లా ఇంకోటి. బిళ్ళ సగం కెమెరా మీదా, సగం పక్కనున్న, మాట వినబడే సన్నని చీలిక మీదా పడేది. అందుకని అవతలివాళ్ళ మాట ఆమెకు వినబడేది కాదు. స్పీకరు పెట్టేది. ఆమె పుట్టింటి సంగతులు మా వీధికంతా తెలుసు.

మాధవి గోటితో ఆ బిళ్ళ తీయబోయి ఆగింది. నా వైపు చూసింది. ఉండనీ అన్నాను.

ఆ తరువాత నెలల్లో నాకు వచ్చిన కబుర్లు లెక్కలేనన్ని. పిల్లి, కోళ్ళు, తీగ మీద ఆరేసిన లుంగీ. మాధవి మాత్రం అన్నీ చూసేది. నేను గేటు దాటుతుంటే స్తంభం లోంచి, "నాన్నా, డబ్బా మర్చిపోయినవ్" అని వినబడేది. పక్కింటి సైదులు నాకు వరసకు తమ్ముడు. బర్రెకు పగలు నీళ్ళూ గడ్డీ చూసేది అతనే. వచ్చినప్పుడల్లా స్తంభానికి ఎదురుగా నిలబడి, "చిన్నమ్మాయీ, బాగున్నవా బిడ్డా" అని పలకరించేవాడు. నాకైతే ఇల్లు వదిలేటప్పుడు చెప్పడానికి ఎవరూ లేరు. సుగుణ ఉన్నప్పుడు నేను 'పోతున్న' అంటే ఒప్పుకునేది కాదు. వెనక్కి పిలిచి 'పోయొస్త' అనిపించి పంపేది. ఆమె పోయాక ఏ మాటా అనకుండానే తాళం వేసుకుని వెళ్ళేవాణ్ణి.

బర్రె ఈనే తేదీ నేను డైరీలో రాసుకున్నాను. చూడి కట్టే సూది వేసే ఆయన రెండుసార్లు వచ్చాడు, మూడు వారాల తేడాతో. మొదటిసారే చూడి నిలబడిందని సుగుణ చెప్పింది. ఎట్లా తెలుసంటే, దాని నడక చూస్తే తెలియట్లేదా అంది. నాకు తెలియలేదు. రాసి ఉన్న తేదీ మీదనే నమ్మకం కాబట్టి రెండోసారి నుంచి లెక్క కట్టాను. నా లెక్క ప్రకారం ఏప్రిల్ మొదటి వారం.

ఇది జరిగింది మార్చిలో, పదో తరగతి పరీక్షలప్పుడు. మాధవికి వేరే స్కూల్లో ఇన్విజిలేషన్ పడింది. తొమ్మిది గంటలకే అందరి ఫోన్లూ తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేస్తారు. పరీక్ష అయ్యాకనే ఇస్తారు. ఈ సంగతి ముఖ్యం, అందుకే ముందే రాస్తున్నాను.

పదకొండుకు ఐదు నిమిషాలుంది. నేను పుస్తకాల వీపుల మీద నంబరు చీటీలు అంటిస్తున్నాను. బల్ల మీద ఫోను అదిరింది. మామూలుగా చూడను. ఆ రోజు చూశానంటే ఒక్కటే కారణం. కబురుతో పాటు చిన్న బొమ్మ ఒకటి వస్తుంది. ఎప్పుడూ తెల్లగా గేటు ఉండే ఆ బొమ్మ, ఈసారి నల్లగా ఉంది.

తెరిచాను. కొట్టం కనబడింది. బర్రె పక్కకు ఒరిగి పడుకుని కాళ్ళు బిగదీస్తున్నది. వెనక ఒక చిన్న గిట్ట బయటికి వచ్చి ఉంది.

పుస్తకాల్లో చదివాను కాబట్టి తెలుసు. ముందరి కాళ్ళు రెండూ రావాలి, వాటి మీద ముక్కు రావాలి. ఇక్కడ ఒక్క కాలే ఉంది. రెండోది లోపల మడతపడిందన్నమాట.

సైదులుకు ఫోన్ చేశాను. పొలంలో మోటరు దగ్గర ఉన్నాడు. బర్రె ఈనుతున్నదనీ, ఒక్క కాలే వచ్చిందనీ చెప్పాను.

"నీకెట్ల తెలుసే అన్నా? నువ్వు కాలేజీల ఉంటివి గదా."

"కెమెరాలో కనబడుతున్నది."

"కెమెరా గేటు దిక్కు గదా ఉన్నది?"

ఆ మాట ముందు అడిగింది అతనే. నాకు జవాబు ఆలోచించే తీరిక లేదు. ముందు నువ్వు ఉరుకు అన్నాను. నేరేడుచర్ల పశువుల డాక్టరుకు చెప్పాను. పక్క గదిలోని ఆయనకు లైబ్రరీ తాళాలు ఇచ్చి బస్టాండుకు పరిగెత్తాను.

కోదాడ బస్సు కదులుతూ ఉంది. నిండా ఆడవాళ్ళు. కండక్టరూ ఆడమనిషే. ముగ్గురి సీటు చివర కొంచెం చోటిచ్చారు. కూర్చుని ఫోను తెరిచాను. అప్పటికి సైదులు వచ్చాడు. చేతులకు సబ్బు రుద్దుకుని దగ్గరికి పోతే బర్రె లేచి నిలబడింది. కొమ్ములు విసురుతున్నది. మళ్ళీ పడుకున్నది, మళ్ళీ లేచింది. సైదులు స్తంభం దగ్గరికి వచ్చాడు. అతని మొహం తెరనిండా వచ్చింది.

"అన్నా, ఇంటున్నవా? దగ్గరికి రానిస్తలేదు. వదిన పిలిచినట్టు ఓసారి పిలువు."

చుట్టూ చూశాను. ఇంతమంది. అయినా మైకు గుర్తు నొక్కాను.

"పెద్దమ్మాయీ" అన్నాను. ఇంకొంచెం గట్టిగా మళ్ళీ అన్నాను. "పెద్దమ్మాయీ, భయపడకు తల్లీ. నేను వస్తున్న. సైదులు బాబాయిని దగ్గరికి రానియ్యి."

బర్రె తల ఎత్తి స్తంభం వైపు చూసింది. చెవులు రెండూ ముందుకు వచ్చాయి. మెల్లగా పడుకుంది.

బస్సులో తలలు నా వైపు తిరిగాయి. నా పక్కనున్నావిడ మెల్లగా అడిగింది, ఎన్నో కానుపని. మూడోదన్నాను. ఏ దవాఖాన అంది. ఇంటి దగ్గరే అన్నాను. ఆమె తప్పుగా అనుకుంటున్నదని అప్పుడు తెలిసింది. కాని సరిదిద్దాలంటే చాలా చెప్పాలి, నా కళ్ళు తెర మీద ఉన్నాయి.

"గీ కాలంల ఇంటి దగ్గర కానుపేంది సారూ? అల్లుడేం జేస్తున్నడు?"

డాక్టరు వస్తున్నాడన్నాను. మగడాక్టరా అని వెనక సీటు నుంచి ఎవరో అడిగారు. అవునన్నాను. ఒకామె నిట్టూర్చింది. కండక్టరు ముందుకు వెళ్ళి డ్రైవరుకు ఏదో చెప్పింది. బస్సు వేగం పెరిగింది. ఒక ముసలామె సంచిలోంచి కుంకుమ పొట్లం తీసి, నన్ను అడగకుండానే నా నుదుటి మీద పెట్టింది. భయపడకు బిడ్డా, ఆడపిల్ల ప్రాణం గట్టిదంది.

డాక్టరు వచ్చాడు. చెయ్యి లోపలికి పోనిచ్చి మడతపడ్డ కాలు సవరిస్తున్నట్టుంది. ఎంతసేపో చెప్పలేను. నేను మధ్యమధ్య పెద్దమ్మాయీ అని పిలుస్తూనే ఉన్నాను. మూడు సీట్ల ఆడవాళ్ళు నా వెంట, "ముక్కమ్మా, గట్టిగ ముక్కు" అంటున్నారు. అది కూడా కొట్టంలో వినబడిందని సైదులు తరువాత చెప్పాడు.

దూడ బయటికి జారింది. కదలలేదు. సైదులు దాని నోట్లో వేలు పెట్టి జిగురు తీశాడు. వెనక కాళ్ళు పట్టి ఎత్తాడు. గడ్డితో రుద్దాడు. అప్పుడు ఒక చెవి ఆడింది. ఒక్క చెవే. తరువాత తల విదిలించింది.

"బతికింది" అన్నాను. పైకే అన్నట్టున్నాను. బస్సులో చప్పట్లు కొట్టారు.

"ఏం పుట్టింది సారూ?"

అబద్ధం చెప్పలేను. "దుడ్డె" అన్నాను. "ఆడ దుడ్డె."

కండక్టరు నా ఫోను వంచి చూసింది. నల్లటి తడి దూడ.

"గింతసేపు మేం బర్రె కోసం ఏడుస్తున్నమా సారూ?"

ముందు ఎవరు నవ్వారో తెలియదు. తరువాత బస్సంతా నవ్వింది. డ్రైవరు అద్దంలోంచి చూసి నవ్వాడు. నేనూ నవ్వాను. ఏడు నెలల్లో నా నవ్వు నేను విన్నది అప్పుడే. కుంకుమ పెట్టిన ముసలామె మాత్రం అందరినీ కసిరింది. "అయితేంది? అది తల్లి గాదా?" అని, నాతో, "జున్ను పాలు నాకు పంపియ్యి" అంది. మూడో రోజు అదే బస్సులో జున్ను పట్టుకెళ్ళాను. ఆమె లేదు. మిగతావాళ్ళు వదల్లేదు.

నేను ఇల్లు చేరేసరికి దూడ నిలబడి పొదుగు వెతుకుతున్నది. ఇంకో పావుగంట ఆగితే రెండూ దక్కేవి కావని డాక్టరు అన్నాడు. సుగుణ చెప్పిన మొదటి తేదీ నుంచి లెక్క కడితే సరిగ్గా అదే వారం.

అందరూ వెళ్ళాక స్తంభం దగ్గరికి వచ్చాను. ఫోను కట్టినట్టే ఉంది. కట్టుతీగ ముడి నాదే. వీపు గేటు వైపే, ముఖం కొట్టం వైపే. అంటే నేను చూసిందంతా ముందు కెమెరాలోంచి. దాని మీద బొట్టుబిళ్ళ లేదు.

వేడికి జిగురు కరిగి ఊడిందనుకోవచ్చు. మరి కెమెరా మార్చింది ఎవరు? అది మారాలంటే మా ఇద్దరి ఫోన్లలో ఏదో ఒకదాని నుంచి మార్చాలి, లేదా ఆ తెరను తాకాలి. సైదులు తెర మీద బల్లి పాకిందన్నాడు. అదీ చూశాను. ఆ తెర మసక చేసి ఉంటుంది. వేలితో కింది నుంచి పైకి గీస్తే గాని తెరుచుకోదు. తరువాత మూలనున్న గుర్తు నొక్కాలి. బల్లి చేయలేదని ప్రమాణం చేయలేను. చేస్తే చాలా తెలివైన బల్లి.

ఒంటిగంటకు మాధవి ఫోన్ చేసింది. ఫోన్ చేతికి రాగానే వీడియోలన్నీ చూసిందట. ఏడుస్తూ నవ్వుతున్నది. కెమెరా నువ్వు మార్చావా అని అడిగాను. "నేనెక్కడ నాన్నా? నా ఫోన్ బీరువాల ఉన్నది. నువ్వే మార్చినవ్ అనుకున్న" అంది.

సాయంత్రానికి వచ్చింది. దూడను ఒళ్ళోకి తీసుకుని చీర పాడు చేసుకుంది. ఇక చిన్నమ్మాయి ఇదేనని సైదులు తేల్చాడు. "నువ్వు ఇగ నడిపిదానివి, నడుమ బిడ్డవు" అన్నాడు. పాలివ్వకుండానే నాకు ప్రమోషన్ వచ్చిందని మాధవి నవ్వింది.

ముగ్గురం బొట్టుబిళ్ళ కోసం వసారా అంతా వెతికాం. దొరకలేదు. చీర మార్చుకోవాలని మాధవి లోపలి గది తాళం చెవి అడిగింది. ఆ గది నేను వాడను. తాళం చెవి నా జేబులోని గుత్తిలోనే ఉంటుంది. తాళం నేనే తీశాను, ఆమె వెనకే నేనూ లోపలికి వెళ్ళాను. సుగుణ అద్దం అక్కడే ఉంది. రాత్రి పడుకునే ముందు బొట్టు తీసి అద్దం అంచుకు అంటించడం ఆమె అలవాటు. అట్లా అంటించినవి ఇప్పటికీ వరసగా ఉన్నాయి. వాటిని నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. సాక్షిగా అది నా తప్పు.

మాధవి అద్దం ముందు ఆగిపోయింది. అన్ని బిళ్ళల మీదా దుమ్ముంది. చివరిదాని మీద లేదు. మెరూను రంగుది. దాని అంచు గోటితో లేపి నాకు చూపించింది. వెనక జిగురులో ఒక సన్నని గీత, దాని పక్కన కందిగింజ కంటే చిన్న గుండ్రని ముద్ర. ఫోను తెచ్చి పక్కన పెట్టాం. ఆ చీలిక, ఆ కెమెరా. సరిపోయాయి.

ఆ ఉదయం బిళ్ళ ఫోను మీద ఉందా అని నన్ను నేనే చాలాసార్లు అడిగాను. ఒట్టు వేయలేను. అంతకు ముందు ఆదివారం ఫోను తుడిచినప్పుడు మాత్రం ఉంది. నేనే తీసి అక్కడ పెట్టి మరచిపోయానా? దుఃఖంలో మనిషి చేసేవి అతనికే తెలియవని చదివాను. అదే అయినా, కెమెరా మారడానికి అది జవాబు కాదు. ఆ తరువాత పదిహేను రోజులు ఫోనును ముందటిలాగే గేటు వైపు కెమెరాకు పెట్టి చూశాను. తనంతట తాను ఒక్కసారీ మారలేదు. బిళ్ళను మాధవి మళ్ళీ అద్దానికే అంటించింది.

నాకు జవాబు తెలియదు. వెతకడం కూడా ఈమధ్య మానేశాను. బర్రెను అమ్మలేదు. ఇప్పుడు దాన్ని పేరుతోనే పిలుస్తున్నాను. మొహం తిప్పుకోవడం లేదు.

కెమెరా ముందుదే ఉంచాం. దొంగలు వస్తే రానీ, మాకు దూడ కనబడాలని మాధవి అంది. ఉదయం ఇంటికి తాళం వేసి, స్తంభం దగ్గర ఒక్క నిమిషం నిలబడి 'పోయొస్త' అంటాను. ఆ చిన్న వీడియో రోజూ మాధవికి వెళ్తుంది. తనతోనే చెబుతున్నానని అనుకుంటుంది. "పోయిరా నాన్నా" అని జవాబిస్తుంది. నేను సరిదిద్దలేదు.